మేడమ్ క్యూరీ పుట్టింటి పేరు

(మన సంఘం మార్చి నెల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మార్చి నెల గనుక మహిళా దినోత్సవాన్ని పురస్కరించుకుని ఒక్కొక్కరు ఒక్కొక్క మహిళామణిని గురించి మాట్లాడవలసిందని కార్యదర్శి గారు సర్క్యులరు పంపారు. నా వంతుకు మేడమ్ క్యూరీ వచ్చింది. ఆమె రేడియం కనిపెట్టిన సంగతి, రెండుసార్లు నోబెల్ బహుమతి పొందిన సంగతి మనమంతా చిన్నప్పుడు పాఠంలో చదువుకున్నవే. అంతకు మించి సైన్సు చెప్పడానికి నేను తగను. రిటైరైన సైన్సు మాస్టార్లు నలుగురైదుగురు ముందు వరుసలోనే కూర్చుని ఉన్నారు. నేను ముప్ఫై నాలుగు సంవత్సరాలు గుమాస్తాగిరీ చేశాను. అందులో సగానికి పైగా ఎస్టాబ్లిష్‌మెంటు సీటులోనూ, పెన్షను సీటులోనూ గడిచింది. మనుషుల పేర్లు రిజిస్టరులో ఎక్కించడం, ఎక్కినవి సరిచూడడం, తేడా వస్తే కొర్రీ రాయడం నా వృత్తి. అందుచేత ఆమె పేరును గురించే, అందులోనూ ఆమె పుట్టింటి పేరును గురించే నాకు తెలిసిన నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఆమె పుట్టింటి పేరు స్క్లొదోవ్‌స్కా. 1867 నవంబరు 7న పోలెండు దేశపు వార్సా నగరంలో పుట్టింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు మరియా సలోమియా. తండ్రి వ్లాదిస్లావ్ స్క్లొదోవ్‌స్కీ, లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు. తండ్రి 'స్కీ' అయితే కూతురు 'స్కా' ఎట్లా అయింది అని మీకు అనుమానం రావచ్చు. అది అచ్చుతప్పు కాదు. పోలిష్ భాషలో ఇంటిపేరు కూడా లింగాన్ని బట్టి మారుతుంది. మగవాడు స్క్లొదోవ్‌స్కీ, ఆడమనిషి స్క్లొదోవ్‌స్కా, కుటుంబం మొత్తాన్ని కలిపి చెప్పాలంటే స్క్లొదోవ్‌స్త్సీ. మన రిజిస్టర్లలో ఇటువంటి మూడు రూపాలు కనబడితే ఆడిటు వారు ఊరుకుంటారా? అక్కడ మాత్రం అది వ్యాకరణం.

ఈ పద్ధతి పోలెండులోనే కాదు, స్లావు జాతుల వారి భాషలలో చాలా వాటిలో ఉంది. రష్యాలో ఇవానోవ్ గారి భార్య ఇవానోవా. 1963లో అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి మహిళ వాలెంటీనా తెరెష్కోవా తండ్రి ఇంటిపేరు తెరెష్కోవ్. చెక్ దేశంలో 'ఓవా' చేరుస్తారు. టెన్నిస్ క్రీడాకారిణి మార్టినా నవ్రతిలోవా అందరికీ తెలుసు. నవ్రాతిల్ అనేది ఆమె సవతి తండ్రి ఇంటిపేరు, దానికి 'ఓవా' చేరింది. చెక్ భాషలో నవ్రాతిల్ అంటే 'తిరిగి వచ్చాడు' అని అర్థమట. ఆమె 1975లో దేశం విడిచిపెట్టి అమెరికాలో ఉండిపోయింది! చెక్ దేశంలో 2022 నుంచి ఈ 'ఓవా' వద్దనుకునే స్త్రీలు అది లేకుండానే ఇంటిపేరు రాయించుకోవచ్చునని చట్టం సవరించారు. ఉక్రెయిన్ వారి 'ఎంకో' పేర్లు మాత్రం ఆడ మగ తేడా లేకుండా ఒక్క రూపంలోనే ఉంటాయి. పనిలో పనిగా ఇంకొక మాట. మన జిల్లాలలో లెనిన్ అనీ, స్టాలిన్ అనీ పిల్లలకు పేర్లు పెట్టుకున్న వారున్నారు. ఆ ఇద్దరికీ కూడా అవి తండ్రి తాతల ఇంటిపేర్లు కావు, ఉద్యమంలో పెట్టుకున్న మారుపేర్లు.

ఇక అసలు విషయానికి వస్తాను. 'స్కీ' అనే ప్రత్యయానికి అర్థం ఏమిటి? ఫలానా ఊరికి చెందిన, ఫలానా చోటి వారైన అని. కొవ్వూరు నుంచి వచ్చిన వారు కొవ్వూరి వారైనట్టు, నెల్లూరు నుంచి వచ్చిన వారు నెల్లూరి వారైనట్టు, స్క్లొది అనే ఊరి వారు స్క్లొదోవ్‌స్కీ అయ్యారు. మనం ఊరు పేరు చివర ఒక్క గుడి పెట్టి చేసే పనిని వాళ్ళు 'స్కీ' పెట్టి చేస్తారు. పద్ధతి ఒక్కటే. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, వారికి వెనుక వస్తుంది. అంతే తేడా.

అయితే అక్కడ ఒక తేడా మాత్రం గట్టిది. మొదట్లో ఊరిని బట్టి 'స్కీ' పేరు పెట్టుకున్నవారు భూమి గల కులీనులు. పోలెండులో ఈ కులీనుల సంఖ్య చాలా ఎక్కువ, జనాభాలో నూటికి ఎనిమిది, పది మంది వరకు ఉండేవారు. అంతమంది ఉంటే అందరూ జమీందారులు కాలేరు గదా. మజోవియా అనే ప్రాంతంలో ఊళ్ళకు ఊళ్ళే చిన్న కులీనులు. ఒక్కొక్కరికి ఉన్నది కొద్దిపాటి చెక్క. తామే నాగలి పట్టి దున్నుకునేవారు. పన్ను కట్టే రైతుకూ ఇతనికీ చూపులకు తేడా ఏమీ లేదు. కాని అతనికి ఒక వంశ చిహ్నం ఉంది, రాజును ఎన్నుకునే సభలో ఓటు ఉంది, 'స్కీ' చివరగల ఇంటిపేరు ఉంది. తరువాతి కాలంలో పట్టణవాసులు, రైతులు కూడా ఈ 'స్కీ'ని అందిపుచ్చుకున్నారు. కమ్మరిని పోలిష్ భాషలో కొవాల్ అంటారు. దానికి 'స్కీ' చేర్చి కొవాల్‌స్కీ అని లక్షల్లో ఒకటైన ఇంటిపేరు తయారయింది. అందుచేత నేడు 'స్కీ' అని ఉన్నంత మాత్రాన తాతలు కులీనులని అనుకోనక్కరలేదు.

స్క్లొదోవ్‌స్కీలు మాత్రం ఆ మజోవియా చిన్న కులీనులే. స్క్లొది అనేది వార్సాకు సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఒక్క ఊరు కాదు, గుంపు. స్క్లొది-ప్యొత్రోవిత్సె, స్క్లొది-స్తాహి, స్క్లొది బొరోవె అని ఒకే మొదటి పేరుతో వేరువేరు తోకలతో పక్కపక్కన ఉన్న చిన్న పల్లెలు. అన్నదమ్ములు పంచుకుని విడిపోయినప్పుడు మన దగ్గర పెద్ద, చిన్న, పాత, కొత్త అని ఊళ్ళకు పేర్లు పెట్టినట్టే. మేడమ్ క్యూరీ రెండవ కుమార్తె ఈవ్ 1937లో తల్లి జీవితచరిత్ర రాసింది. ఈ ఇంటిపేరు గల కుటుంబాలు కొన్ని ఉన్నాయనీ, అన్నీ ఆ స్క్లొది నుంచి వచ్చిన జ్ఞాతులవేననీ, ఆ ప్రాంతపు ప్రభువు తన కౌలుదారులకు తన వంశ చిహ్నం వాడుకునే హక్కు ఎప్పుడో ఇచ్చి ఉంటాడనీ అందులో చెప్పింది. అంటే స్క్లొదోవ్‌స్కీ అన్నవాడు ఎక్కడ కనబడినా, వెనక్కి పోతే ఆ నాలుగు పల్లెల పొలాల గట్ల మీదకే చేరతాడన్నమాట.

ఈ ఇంటిపేరు ఎందుకు అరుదు అన్నదానికి జవాబు ఇక్కడే దొరుకుతుంది. పోలెండులో అందరికన్నా ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు నోవాక్. 'కొత్తగా వచ్చినవాడు' అని అర్థం. ప్రతి ఊళ్ళోనూ కొత్తగా వచ్చినవాడు ఒకడుంటాడు గనుక ఆ పేరు ప్రతి ఊళ్ళోనూ విడిగా పుట్టింది. నేడు దాదాపు రెండు లక్షల మంది నోవాక్‌లున్నారు. దొంబ్రోవ్‌స్కీ అనే పేరూ అంతే. దొంబ్రోవా అంటే సింధూర వృక్షాల తోపు. ఆ పేరు గల పల్లెలు దేశం నిండా ఉన్నాయి, కాబట్టి ఒకరికొకరు ఏమీ కాని దొంబ్రోవ్‌స్కీలు వేలకు వేలు. మన కొత్తపల్లి వారి సంగతి చూడండి. ఏ జిల్లాలో చూసినా ఒక కొత్తపల్లి ఉంటుంది. కొత్తపల్లి వారందరూ చుట్టాలు కారు. స్క్లొది అనే పేరు గల ఊరు మాత్రం ప్రతి జిల్లాలో లేదు. ఒక్క చోట పుట్టిన పేరు, ఒక్క గుంపు కుటుంబాలతో సాగింది. అందులో మగపిల్లలు లేని ఇంట ఆ కొమ్మ ఆగిపోతుంది.

ఇంటిపేర్లు ఎట్లా అంతరిస్తాయనేది ఒక లెక్క అని చదివి ఆశ్చర్యపోయాను. 1873లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆయన ఈ ప్రశ్న వేశాడు. తండ్రికి ఇంతమంది కొడుకులు పుట్టే అవకాశం ఇంత అని తెలిస్తే, కొన్ని తరాల తరువాత ఆ ఇంటిపేరు మిగిలే అవకాశం ఎంత అని. వాట్సన్ అనే మత గురువు మరుసటి సంవత్సరం ఆయనతో కలిసి దానికి సమాధానం ప్రకటించాడు. 1940లలో అణువుల గొలుసు చర్యను లెక్క కట్టడానికి కూడా ఇదే రకం గణితం పనికివచ్చిందట. ఒక న్యూట్రాను ఎన్ని న్యూట్రాన్లను పుట్టిస్తుందన్నది, ఒక తండ్రి ఎందరు కొడుకులను కంటాడన్న లెక్క వంటిదే. మేడమ్ క్యూరీ మొదలుపెట్టిన శాస్త్రానికి ఇంటిపేర్ల లెక్క అక్కరకు రావడం చూస్తే ముచ్చట వేసింది. వివరాలు కావలసిన వారు మా లెక్కల మాస్టారి దగ్గర కూర్చోవాలి, నా దగ్గర కాదు.

స్క్లొదోవ్‌స్కీ మాస్టారికి అయిదుగురు పిల్లలు. పెద్దమ్మాయి జోఫియా విషజ్వరంతో చిన్నతనంలోనే పోయింది. కొడుకు ఒక్కడే, యూజెఫ్, డాక్టరు అయ్యాడు. బ్రొనిస్లావా కూడా డాక్టరు చదివి, ద్లుస్కీ గారిని వివాహమాడి ద్లుస్కా అయింది. హెలెనాకు కూడా వివాహంతో మరొక ఇంటిపేరు వచ్చింది. కడగొట్టుది మరియా. అంటే తండ్రి ఇంటిపేరు మామూలుగా నిలబడవలసింది ఒక్క యూజెఫ్ వల్లనే. ప్రపంచానికి తెలిసింది మాత్రం ఆ కడగొట్టు కూతురి వల్ల.

ఆ రోజుల్లో ఆ పేరు రాసుకోవడమే అంత సులువు కాదు. పోలెండును పొరుగు రాజ్యాలు మూడు విడతలుగా, 1772, 1793, 1795 సంవత్సరాలలో పంచుకున్నాయి. వార్సా రష్యా చక్రవర్తి ఏలుబడిలోకి వచ్చింది. 1863లో జరిగిన తిరుగుబాటు అణచివేసిన తరువాత బడులలో, కచ్చేరీలలో రష్యన్ భాష తప్పనిసరి చేశారు. 1868 నుంచి జనన మరణ రిజిస్టర్లు కూడా రష్యన్ లిపిలోనే ఉండాలన్నారు. రష్యన్ కాగితాలలో స్క్లొదోవ్‌స్కా కాస్తా స్క్లొదోవ్‌స్కాయా అవుతుంది. ఇంట్లో ఒక పేరు, బడి పట్టీలో ఒక పేరు. తనిఖీ అధికారి వచ్చినప్పుడు జారు చక్రవర్తుల పేర్లు, బిరుదులు వరసగా రష్యన్ భాషలో అప్పజెప్పడానికి ఉపాధ్యాయురాలు ఎప్పుడూ ఈ పిల్లనే లేపేదట. బాగా చదివేది గదా. అధికారి వెళ్ళిన తరువాత ఏడ్చేసిందని ఈవ్ రాసింది.

తండ్రి ఉద్యోగం సంగతి మనబోటి వారు తెలుసుకోదగినది. ఆయన ప్రభుత్వ పాఠశాలలో సహాయ తనిఖీదారుగా కూడా ఉండేవాడు. 1873లో సెలవులు ముగించుకుని వచ్చేసరికి బల్ల మీద సర్కారు వారి కవరు ఉంది. జీతం తగ్గించడమైనది, క్వార్టరు ఖాళీ చేయవలసినది, ఆ హోదా రద్దు చేయడమైనది అని. పైఅధికారికి తల వంచకపోవడమే కారణం. అప్పటినుంచి ఇంట్లో విద్యార్థులను భోజనంతో సహా పెట్టుకుని సంసారం ఈదుకొచ్చాడు. భార్య క్షయ వ్యాధితో 1878లో కన్నుమూసింది. పెన్షను పుచ్చుకున్న తరువాత కూడా ఆయనకు విశ్రాంతి లేదు. కూతురు బ్రొనిస్లావా పారిస్‌లో వైద్యం చదువుతోంది, డబ్బు పంపాలి. 1888లో పిల్ల నేరస్థుల సంస్కరణాలయానికి అధికారిగా చేరాడు. ఎవరికీ ఇష్టం లేని ఉద్యోగం, కాని జీతం బాగుంటుంది. ఈ సభలో అటువంటి తండ్రులు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు.

1891లో మరియా కూడా పారిస్ చేరింది. సోర్బోన్ విశ్వవిద్యాలయంలో చేరేటప్పుడు దరఖాస్తులో మరియాను ఫ్రెంచివారి పద్ధతిలో మేరీ అని రాసింది. సొంత పేరు మార్చుకుంది గాని ఇంటిపేరు అట్లాగే ఉంచింది. తోటి విద్యార్థులకు ఆ ఇంటిపేరు నోరు తిరిగేది కాదు. అందులో పోలిష్ అక్షరం ఒకటి ఉంది, 'ల'కు అడ్డంగా గీత గీసినట్టుంటుంది. దాని పలుకు 'ల' కాదు, 'వ'కు దగ్గర. వాళ్ళ దేశంలో ఆ పేరు వినాలంటే దాదాపు 'స్క్వొదోఫ్‌స్కా' అని వినిపిస్తుంది. పారిస్ ముద్రణాలయంలో ఆ గీత లేదు. గీత పోయి మామూలు 'ల' మిగిలింది. మనం స్క్లొదోవ్‌స్కా అంటున్నది ఆ గీత పోయిన పేరునే. సున్నా ఒకటి రాలిపోయి, దీర్ఘం ఒకటి ఎక్కువై మన పేర్లు ఎన్ని పాట్లు పడ్డాయో పెన్షను కాగితాలు తెచ్చుకున్న వారికి నేను చెప్పనక్కరలేదు.

1895 జూలై 26న పియరీ క్యూరీతో వివాహం జరిగింది. ఇక్కడ ఫ్రాన్సు చట్టం ఒకటి చెప్పాలి. 1794లో, వారి విప్లవం రోజులలో ఒక శాసనం చేశారు. జనన పత్రంలో ఉన్నది తప్ప వేరే ఇంటిపేరు ఏ పౌరుడూ ధరించరాదని. అంటే వివాహంతో భర్త ఇంటిపేరు వాడుకకు మాత్రమే వస్తుంది, చట్టం దృష్టిలో పుట్టినప్పటి పేరే పేరు. ఆ శాసనం ఇప్పటికీ అమలులో ఉంది. వీధిలో మేడమ్ క్యూరీ, కాగితంలో స్క్లొదోవ్‌స్కా. గుమాస్తాగా నాకు ఈ ఏర్పాటు చాలా నచ్చింది. మనిషి పుట్టిన దగ్గరనుంచి పోయేదాకా ఫైలు ఒక్కటే ఉంటుంది.

అయితే చట్టం ఉన్నా వాడుక బలమైనది. ఆమె మాత్రం తన పరిశోధనా పత్రాల మీద ఏం రాసుకున్నదో చూడండి. 1898 ఏప్రిల్‌లో యురేనియం, థోరియం కిరణాలపై మొదటి పత్రం వెలువడింది. రచయిత్రి పేరు మేడమ్ స్క్లొదోవ్‌స్కా క్యూరీ. అదే సంవత్సరం జూలైలో దంపతులిద్దరూ కలిసి కొత్త మూలకాన్ని ప్రకటించారు. ఆ పత్రం మీద ఆయన పేరు 'పి. క్యూరీ', ఆమె పేరు 'ఎస్. క్యూరీ'. ఈ 'ఎస్' ఏమిటని నేను చాలాసేపు ఆలోచించాను. ఆమె పేరు మేరీ గదా, 'ఎం' ఉండాలి. 'ఎస్' అంటే స్క్లొదోవ్‌స్కా! పుట్టింటి పేరు మొదటి అక్షరం. మనం ఇంటిపేరును కుదించి ముందు ఒక పొడి అక్షరం పెట్టుకుంటామే, అచ్చంగా అదే. ప్రపంచమంతా సొంత పేరుకు పొడి అక్షరం పెడితే, ఆమె ఆ పత్రంలో తెలుగువారిలాగా ఇంటిపేరుకు పెట్టింది. 1903లో డాక్టరేటు కోసం సమర్పించిన సిద్ధాంత వ్యాసం మీద మళ్ళీ పూర్తిగా స్క్లొదోవ్‌స్కా క్యూరీ అని ఉంది.

ఆ జూలై పత్రంలోని కొత్త మూలకానికి పొలోనియం అని పేరు పెట్టారు. అప్పటికి ప్రపంచ పటంలో పోలెండు అనే దేశం లేదు. ఇంటిపేరు పొడి అక్షరంగా, దేశం పేరు మూలకంగా ఒక్క కాగితం మీదకు ఎక్కించి సైన్సు అకాడమీ వారి చేత అచ్చు వేయించింది. రష్యా ప్రభుత్వం దీనికి ఏ కొర్రీ వేయగలదు?

1906 ఏప్రిల్ 19న పియరీ గుర్రపు బండి కింద పడి మరణించాడు. ప్రభుత్వం వితంతువుకు పెన్షను ఇస్తామన్నది. ఆమె వద్దన్నది. నేను పనిచేసుకుని పిల్లలను పోషించుకోగలను అని చెప్పింది. భర్త చేసిన పాఠాలే సోర్బోన్‌లో తాను చెప్పడం మొదలుపెట్టింది, అక్కడ పాఠం చెప్పిన మొదటి మహిళ ఆమే. (పెన్షను ఆమెకు తరువాత రానే వచ్చింది. 1923లో ఫ్రాన్సు పార్లమెంటు సంవత్సరానికి 40,000 ఫ్రాంకులు మంజూరు చేసింది, అదీ కుమార్తెలకు సంక్రమించేటట్టు. ఇటువంటి జి.ఓ. మనకు ఎప్పుడు వస్తుందో!)

1911లో ఇంటిపేరు ఆమెకు కష్టం తెచ్చింది. జనవరిలో అకాడమీ సభ్యత్వానికి నిలబడితే స్వల్ప తేడాతో ఓడించారు. ఆ సందర్భంలోనూ, ఆ సంవత్సరం చివరలోనూ కొన్ని పత్రికలు ఆమెను పరాయి దేశస్థురాలని ఆడిపోసుకున్నాయి. మెచ్చుకునే రోజున ఫ్రెంచి మేడమ్ క్యూరీ, తిట్టే రోజున పోలెండు నుంచి వచ్చిన స్క్లొదోవ్‌స్కా. అదే సంవత్సరం రసాయనశాస్త్రంలో రెండవ నోబెల్ బహుమతి వచ్చింది. నోబెల్ వారి జాబితాలో ఆ బహుమతి మేరీ క్యూరీ, పుట్టింటి పేరు స్క్లొదోవ్‌స్కా అనే వివరంతోనే ఉంది.

1934 జూలై 4న ఆమె మరణించింది. పారిస్ దగ్గర సో అనే ఊళ్ళో భర్త సమాధి పక్కన ఉంచినప్పుడు అన్న యూజెఫ్, అక్క బ్రొనిస్లావా పోలెండు నుంచి తెచ్చిన మట్టి చల్లారు. 1995 ఏప్రిల్ 20న ఇద్దరి అవశేషాలను ఫ్రాన్సు మహనీయుల మందిరమైన పాంథియాన్‌కు మార్చారు. పోలెండు అధ్యక్షుడు లేహ్ వాలెన్సా కూడా వచ్చాడు. ఆ కాలంలోనే రెండు దేశాల కరెన్సీ నోట్ల మీద ఆమె బొమ్మ ఉండేది. 1989లో వచ్చిన పోలెండు 20,000 జ్లోటీల నోటు మీద మరియా స్క్లొదోవ్‌స్కా-క్యూరీ, 1995లో వచ్చిన ఫ్రాన్సు 500 ఫ్రాంకుల నోటు మీద పియరీ, మేరీ క్యూరీ. మనిషి ఒక్కతే. ఇప్పుడా రెండు నోట్లూ చెలామణీలో లేవు.

ముందు ఏది రాయాలన్న తకరారు ఇంకా తేలలేదు. పోలెండులో లూబ్లిన్ నగరంలో 1944లో ఆమె పేరుతో విశ్వవిద్యాలయం పెట్టారు. ఆమె తాతగారు యూజెఫ్ స్క్లొదోవ్‌స్కీ ఉపాధ్యాయుడుగా పనిచేసిన ఊరది. అక్కడ పేరు క్యూరీ-స్క్లొదోవ్‌స్కా. వార్సాలో ఆమె ప్రోత్సాహంతో 1932లో తెరిచిన రేడియం సంస్థ నేడు కేన్సరు ఆసుపత్రిగా నడుస్తోంది, అక్కడ స్క్లొదోవ్‌స్కా-క్యూరీ. ఐరోపా సమాఖ్య వారు యువ శాస్త్రవేత్తలకు ఇచ్చే ఉపకార వేతనాలకు మొదట మేరీ క్యూరీ అనే పేరు ఉండేది. 2014లో దానిని మేరీ స్క్లొదోవ్‌స్కా-క్యూరీ అని మార్చారు. పారిస్ మెట్రో రైలు స్టేషను ఒకటి దశాబ్దాల పాటు పియరీ క్యూరీ అనే పేరుతోనే ఉంది. 2007లో మహిళా దినోత్సవం నాడు దానికి మేరీ పేరు కూడా చేర్చారు. ఒక మనిషి పేరు సరిచేయడానికి ఎంత కాలం పడుతుందో చూడండి. మన సర్వీసు రిజిస్టర్లే నయం.

క్యూరీ అనే ఇంటిపేరుకు కూడా ఇదే చిక్కు వచ్చింది. పియరీకి ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దమ్మాయి ఐరీన్ 1926లో ఫ్రెడరిక్ జోలియోను చేసుకుంది. దంపతులిద్దరూ రెండు ఇంటిపేర్లు కలిపి జోలియో-క్యూరీ అని రాసుకున్నారు. 1935లో ఇద్దరికీ కలిపి నోబెల్ వచ్చింది. అల్లుడు మామగారి ఇంటిపేరు కలుపుకోవడం మన ఇల్లరికంలో కూడా అరుదే.

ఇప్పుడు నా సీటు సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. ఒక ఆఫీసులో, పేరు వద్దు, ఒక అటెండరు సర్వీసులో ఉండగా పోయాడు. భార్య ఫ్యామిలీ పెన్షనుకు దరఖాస్తు పెట్టుకుంది. సర్వీసు రిజిస్టరులో నామినేషను కాగితం మీద ఆమె పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది. పెళ్ళైన కొత్తలో అతను రాయించినది. రేషను కార్డులో మెట్టినింటి పేరుతో ఉంది. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరే లేదు, భర్త పేరు తోకగా ఉంది. మూడు పేర్లు గల వ్యక్తి ఒక్కరే అని ధ్రువపత్రం తెమ్మన్నారు. ఆ పత్రం ఇవ్వవలసిన చోట పుట్టింటి పేరుకు రుజువు అడిగారు. ఆమె అన్నదమ్ములు లేరు, ఆ ఊళ్ళో ఆ ఇంటిపేరు వారు ఎవరూ మిగలలేదు. ఏడు నెలలు తిరిగింది. ప్రతి సోమవారం వచ్చి నా బల్ల దగ్గర నిలబడి, "నేను ఒక్కదాన్నే బాబూ" అనేది. చివరికి పెళ్ళి శుభలేఖ ఒకటి ఎవరో బంధువుల పెట్టెలో దొరికింది. పాడైపోయిన కాగితం, రెండు వైపుల ఇంటిపేర్లూ ఉన్నాయి. దానితో పని జరిగింది.

మా అమ్మగారి పుట్టింటి పేరు కూడా ఒక చిన్న పల్లెను బట్టి వచ్చినదే. మా తాతగారికి మగసంతానం లేదు. ఆ ఇంటిపేరు నా సర్వీసు కాగితాలలో గాని, మా పిల్లల సర్టిఫికెట్లలో గాని ఒక్క చోట కూడా లేదు. మా మనుమరాలు అడిగితే చెప్పగలిగినవాడిని ఇంట్లో నేనొక్కడినే. పోయిన నెల ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టాను.

మన సంఘం సభ్యుల వివరాల పుస్తకం ఈ సంవత్సరం కొత్తగా అచ్చు వేస్తున్నారు. అందులో భార్య లేక భర్త పేరు అనే గడి ఉంది. దాని పక్కన పుట్టింటి ఇంటిపేరు అని ఇంకొక గడి పెట్టవలసిందని కార్యదర్శి గారిని కోరాను. కాగితం ఖర్చు ఏమీ పెరగదని ఆయన ఒప్పుకున్నారు. ఫారములు ఈ సంచిక చివరి పేజీలో ఉంటాయి. ఇంటికి వెళ్ళి మీ ఇల్లాలిని అడిగి, ఆమె ఎట్లా చెబితే అట్లా, దీర్ఘాలు సున్నాలు సరిచూసుకుని పూర్తి చేసి, వచ్చే నెల పదవ తేదీ లోగా ఆఫీసులో అందజేయగోరుతున్నాను. తల్లిగారి పుట్టింటి పేరు తెలిసినవారు అది కూడా కింద ఖాళీలో రాయవచ్చు.